పగిలిన హౌసింగుతో కోనసీమకు

కోనసీమ వెళ్ళొచ్చానంటే మా బడిలో తోటి మాస్టర్లందరూ ఒకటే అడిగారు, కొబ్బరితోటలు ఎట్లా ఉన్నాయని. బాగానే ఉన్నాయి. అయితే మేము వెళ్ళింది తోటలు చూడటానికి కాదు. మా బావ ట్రాక్టరుకు వెనక హౌసింగు పగిలింది. 1999 మే నెలలో ఆ పగిలిన హౌసింగును వెంటబెట్టుకుని కదిరి నుంచి అల్లవరం దాకా వెళ్ళి వచ్చాము. అటువైపు వెళ్ళనివాళ్ళ కోసం, వెళ్ళినా ఇలాంటి పనిమీద వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ట్రాక్టరు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. వెనక చక్రాల మధ్య, డ్రైవరు సీటు కింద, పెద్ద ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. గేరు చక్రాలు, ఇరుసులు, వాటిని తడిపే నూనె అన్నీ అందులోనే. అదే హౌసింగు. దాన్ని పోత ఇనుముతో చేస్తారు. మెకానిక్కులు బీడు అంటారు. బీడు ఎంత బరువైనా మోస్తుంది గాని వంగదు, పగులుతుంది. మా బావ నరసింహులు ట్రాక్టరు వాళ్ళ నాయన కాలంలో పరాయి దేశం నుంచి ఓడలో వచ్చింది. ఆ రకం బండ్లు చేయడం ఆపేసి చాలా ఏళ్ళయింది. సామాను ఎక్కడా దొరకదు.

అది పగిలిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. బావ తమ్ముడు మద్దిలేటి బండరాళ్ళ ట్రాలీ తగిలించుకుని వంక గట్టు ఎక్కిస్తున్నాడు. పెద్ద చప్పుడైంది. వెంటనే నేలమీద నల్లటి నూనె మడుగు కట్టింది. బావ పరుగున వెళ్ళి, టీ హోటలు ముందు నిలబడ్డ పదిమందీ చూస్తుండగా, ముప్ఫయ్యేళ్ళ తమ్ముణ్ణి చెంపమీద కొట్టాడు. "నాయన బండిని నాశనం చేసినావు కదరా," అన్నాడు. మద్దిలేటి మారుమాట ఆడలేదు. ఆ సాయంత్రమే బస్సెక్కి అనంతపురం పోయి, లారీ బాడీలు కట్టే షెడ్డులో పనికి కుదిరాడు. రెండు నెలలైనా తిరిగి రాలేదు. నేను ఆ రోజు అడ్డం వెళ్ళవలసింది. వెళ్ళలేదు.

బావ హౌసింగుకు వెల్డింగు పెట్టించి చూశాడు. చల్లారేటప్పుడు పక్కనే ఇంకో గీత పాకింది. చివరికి ఒక సామాను దుకాణంవాళ్ళు, ఇలాంటి బండ్లు కోస్తాలో మూడుండేవనీ, అమలాపురం వైపు ఒకటి ఇంకా ఉండవచ్చనీ చెప్పారు. జూన్ వానలకు దుక్కులు దున్నాలి. ఊళ్ళో సగం చేలకు ఆ బండే దిక్కు. పాత హౌసింగు చూపించి సరిపోల్చుకోకపోతే దొరికినదేదో తెచ్చుకుని మోసపోతామని, దాన్నే లారీకెక్కించుకుని బయల్దేరాము. నాకు ఎండాకాలం సెలవులు.

"నా నోరు నీకు తెల్సు గదా అయ్యవారూ. ఆడ నువ్వే మాట్లాడు," అన్నాడు బావ. మా వైపు బడిపంతులును అయ్యవారనే పిలుస్తారు.

కోటిపల్లి రేవు

కాకినాడ పోయే లారీ మమ్మల్ని ద్రాక్షారామంలో దించింది. అక్కడ ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని, నలుగురు పట్టి హౌసింగును ఎక్కించి కోటిపల్లి రేవుకు చేరాము. అక్కడ గోదావరి దాటడానికి పంటు ఉంటుంది. రెండు పెద్ద పడవలను కలిపి పైన చెక్కలు పరిచినది. మనుషులు, సైకిళ్ళు, గేదెలు, మా ఆటో, అన్నీ దానిమీదే.

కూరగాయల గంపతో ఒక ముసలామె మా ఆటో దగ్గరికి వచ్చి హౌసింగును వంగి చూసింది.

"ఏటండీ ఇది? గుళ్ళో గంటాండీ?"

"కాదమ్మా, ట్రాక్టరుది. పగిలింది."

"అయ్యో!" అని ఆమె పగిలినచోట చేత్తో నిమిరింది. "ఎక్కణ్ణుంచి తెచ్చేరండీ?"

"అనంతపురం జిల్లా."

"ఆయ్. అంత దూరమే!" అని వెళ్ళి మిగతావాళ్ళకు చెప్పింది. అంతే, పంటు అవతలి ఒడ్డు చేరేలోగా ఒక్కొక్కరే వచ్చి చూసి పోయారు. ఎలా పగిలిందండీ, ఎన్నాళ్ళయిందండీ, మందేమైనా వేయించేరాండీ అని ఒకాయన. ఆయన నవ్వకుండానే అడిగాడు.

"వీళ్ళు దీన్ని పరామర్శ చేస్తాండారు గదప్పా," అన్నాడు బావ నా చెవిలో.

బావ కూర్చుని నీళ్ళలో చెయ్యి ముంచాడు. మా ఊళ్ళో నాలుగు వందల అడుగులు బోరు వేస్తే మట్టి వచ్చింది. "ఎండాకాలంలో గూడా ఇన్ని నీళ్ళుంటాయా?" అని పంటు నడిపే మనిషిని అడిగాడు.

"ఇప్పుడు బాగా తగ్గిపోయిందండి గోదారి," అన్నాడతను, ఏదో లోటుకు క్షమాపణ చెబుతున్నట్టు. అవతల ముక్తేశ్వరం ఒడ్డు చేరేదాకా బావ నీళ్ళలోంచి చెయ్యి తీయలేదు.

అమలాపురం

కొబ్బరి బోండాం మూడు రూపాయలు. కదిరిలో ఎనిమిది. బావ వరసగా నాలుగు తాగాడు.

భోజనం హోటల్లో పనసపొట్టు కూర, కంద బచ్చలి కూర వేశారు. పనసకాయను సన్నగా కొట్టి, ఆవ పెట్టి చేస్తారు. నాకు నచ్చింది. బావ రెండు ముద్దలు తిని, "కారం యాడ పాయ?" అని సంచిలోంచి మా అక్క కట్టిచ్చిన శెనక్కాయల పొడి తీశాడు. వడ్డించే ఆయన ఆగి చూశాడు. కొంచెం రుచి చూడవచ్చాండీ అన్నాడు. బావ ఆయన అరచేతిలో చెంచాడు పోశాడు. ఒకేసారి నోట్లో వేసుకుని, కళ్ళనిండా నీళ్ళతో, "చాలా బాగుందండి," అన్నాడాయన. ఆ తర్వాత మా బల్ల దగ్గరికి నీళ్ళు పోయడానికి కూడా రాలేదు.

మర్నాడు పొద్దున టిఫిను పొట్టిక్కలు. పనసాకులను పుల్లలతో గుచ్చి బుట్టలా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. ఇది మాత్రం బావ మూడు తిన్నాడు, పొడి లేకుండా.

ఊళ్ళో ట్రాక్టరు మెకానిక్కులందరికీ మా హౌసింగు చూపించాము. మూడో షెడ్డులో పెద్ద మెకానిక్కు చుట్టూ తిరిగి చూసి, "ఇలాంటిది రాజోలు అవతల భీమరాజు గారి తోటలో ఉండాలండి. బండి లేదు గాని హౌసింగు ఉందండి. నేనే చూసేను," అన్నాడు. బావ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

రాజోలు

భీమరాజు గారికి అరవై దాటి ఉంటాయి. కాలవ పక్కన తోట, తోట మధ్యలో ఇల్లు. మేము వచ్చిన పని చెప్పగానే, "ఉందండి, ఉందండి. ముందు భోంచెయ్యండి," అన్నారు. మా వైపు పని మాట్లాడుకుని, కుదిరితే అన్నం పెడతారు. ఇక్కడ అన్నం పెట్టేదాకా పని మాట్లాడరు. పీతల కూర, మామిడికాయ పప్పు, గడ్డపెరుగు. బావ కాళ్ళు బల్లకింద ఆడుతూనే ఉన్నాయి. తిన్నాక తాంబూలం. తాంబూలం అయ్యాక తోటలో ఏ చెట్టు ఎన్ని కాయలు కాస్తుందో చెప్పారు. అప్పటికి రెండున్నర గంటలయింది.

తోట చివర కాలవ ఒడ్డున నీళ్ళు తోడే ఆయిలింజను ఉంది. "అదిగోండి," అన్నారు.

హౌసింగు ఇంజను కింద ఉంది. మెడదాకా సిమెంటులో పాతి, దానిమీద ఇంజను బిగించారు. పైకి కనిపించే అంచు, బోల్టు రంధ్రాలు అచ్చం మాదానివే. బావ మోకాళ్ళమీద కూర్చుని పానాతో తట్టాడు. మోత లేదు. రాయిని కొట్టినట్టు టక్‌మంది.

"ఇంజను అదురుతోందని మా మేస్త్రీ బరువు కోసం లోపల కూడా కాంక్రీటు పోసేసేడండి," అన్నారు భీమరాజు గారు. "మీకు ఇవ్వనని కాదండీ. సమ్మెట పెట్టి కొడితే అదే పగులుద్దండి. మీరు కొంచెం ముందొచ్చుంటే బాగుండేది."

"ఎంత ముందు?" అన్నాడు బావ.

"పదేళ్ళండి."

బావ ఆ ఇంజను పక్కనే కూలబడ్డాడు. కాసేపటికి భీమరాజు గారికే ఏదో తోచింది. "మా దగ్గర దేవసహాయం అని డ్రైవరుండేవాడండి. ఈ బండి నడిపినోడే. ఒకసారి ఈ హౌసింగు పగిలిపోతే కుట్టేడు."

"కుట్టినాడా?"

"ఆయ్. బట్ట కుట్టినట్టు కుట్టేసేడండి. కావాలంటే చూడండి, ఈ పక్క." సిమెంటు పైన జానెడు మేర, బీడు మీద గుండ్రటి మచ్చల వరస కనిపించింది. వేలితో తడిమితే తప్ప ఎత్తు తెలియదు. "అల్లవరంలో ఉంటాడు. హెడ్మాస్టరు రత్నకుమారి గారి ఇల్లెక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు. ఆవిడ అతని కూతురేనండి."

తండ్రి 'అతను', కూతురు 'ఆవిడ'. రెండూ ఒక్క ఊపిరిలో విన్నాను. మా వైపూ ఇది కొత్తేమీ కాదు.

తిరిగి వచ్చేటప్పుడు కాలవ మీద తాటిదూలం దాటాలి. భీమరాజు గారు మాట్లాడుతూనే దాటారు. బావ దాటాడు. నేను సగం దాకా వెళ్ళి, చెప్పులతో, సంచితో, కాలవలో పడ్డాను. లోతు నడుము దాకానే. బావ ఒడ్డున నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. మద్దిలేటి వెళ్ళిపోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

అల్లవరం, శనివారం

అల్లవరం దగ్గర పడేకొద్దీ వరిచేలు తగ్గి రొయ్యల చెరువులు వస్తాయి. గాలికి ఉప్పు వాసన. రత్నకుమారి గారి ఇల్లు అడగగానే చూపించారు. చిన్న డాబా, గుమ్మం పైన సిలువ, వాకిట్లో తాటాకు పందిరి.

దేవసహాయం గారు పందిరి కింద కూర్చుని ఉన్నారు. డెబ్బై ఏళ్ళుంటాయి. కళ్ళకు నల్లద్దాలు. మేము విషయం చెబుతుండగానే కూతురు బయటికి వచ్చారు. నలభై ఏళ్ళ మనిషి. బడిలో పిల్లలు ఎలా నిలబడతారో, మేమిద్దరం ఆవిడ ముందు అలాగే నిలబడ్డాము.

"నాన్నగారికి కన్ను ఆపరేషనై ఇరవై రోజులండీ. వంగకూడదు, బరువెత్తకూడదు అన్నారు డాక్టరు గారు. అంత దూరం నుంచి వచ్చేరు, కాదనడానికి నాకు బాగోదు. కానీ కుదరదండి."

"నేను వంగనమ్మా," అన్నారు దేవసహాయం గారు. "కుర్చీలో కూచునే చెప్తాను. చేతులు వారివి."

ఆవిడ తండ్రిని చూశారు, హౌసింగును చూశారు. లోపలికి వెళ్ళి సుద్దముక్క తెచ్చి, హౌసింగుకు రెండు బారల దూరంలో నేలమీద గీత గీశారు. గీత అవతల కుర్చీ వేశారు. "నాన్నగారూ, ఇది దాటకూడదు."

"ఆయ్," అన్నారాయన.

పని మొదలైంది. సుత్తితో చిన్నగా తట్టమన్నారు. బావ తట్టుకుంటూ పోయాడు. ఆయన తల వంచి విన్నారు. "పగులు పైకి కనపడేచోట ఆగలేదండి. ఇంకా ఎల్లింది. ముందు ఆ కొక్కెం పట్టీ ఇప్పండి."

ట్రాలీ తగిలించే కొక్కెం హౌసింగు అడుగున ఒక ఇనప పట్టీకి ఉంటుంది. ఆ పట్టీని నాలుగు బోల్టులు పట్టుకుని ఉంటాయి. మేము దాన్ని విప్పకుండానే తెచ్చాము. బావ మూడు బోల్టులు తీశాడు. నాలుగోది మొరాయించింది. పానాకు పైపు తగిలించి తిప్పితే వచ్చింది, దానితోపాటే అరచేతంత బీడు ముక్క ఊడి పడింది.

దేవసహాయం గారు బోల్టులు అడిగారు. ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే వేళ్ళతో కొలిచారు. మూడు ఒకే పొడవు. నాలుగోది వేలి కణుపంత ఎక్కువ.

"ఇదెవరు వేసేరండీ?"

బావ ఆ బోల్టువైపే చూస్తున్నాడు.

ఆయన బీడు ముక్కను కూతురి చేతికిచ్చారు. "నాకు రంగు తెలవట్లేదమ్మా. ఇరిగినచోట ఎలా ఉందో చెప్పు."

"సగం నల్లగా ఉంది నాన్నగారూ. మిగతా సగం ఎర్ర తుప్పు."

"ఎరుపు ఈమధ్య పగిలింది. నలుపు పాతది. నూనె దిగి దిగి అలా అవుతుంది." ఆయన మావైపు తిరిగారు. "ఈ బోల్టు రంధ్రం అవతలికి తెరిచి ఉండదండి. పొడుగు బోల్టేస్తే కొన అడుగుకి ఆనుద్ది. అప్పటికీ బిగిస్తే బీడు లోపల్లోపల విచ్చుకుంటాది. ఆ తర్వాత ఎవరు నడిపినా ఏదో ఒకనాటికి పగలవలసిందే."

"రెండు నెలల కిందట కాదంటారా?" అని అడిగాను.

"కాదండి. ఏళ్ళ నాటిది. ఎన్నేళ్ళో చెప్పలేను."

బావ ఆ పొడుగు బోల్టు అందుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. "నేనే ఏసినా," అన్నాడు.

దేవసహాయం గారు తలూపారు. "పగులు కొస ఎక్కడుందో చూద్దాం. కిరసనాయిలు తెండి."

బీడును శుభ్రంగా తుడిచి, పగులు వెంబడి కిరసనాయిలు రాసి, కాసేపాగి మళ్ళీ తుడిచి, పైన సుద్దపొడి చల్లాము. పగుల్లో మిగిలిన కిరసనాయిలు సుద్దలోకి ఊరుతుంది. తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత మొలిచి, మేము చూస్తుండగానే పైకి పాకింది. పైన ఇరుసు కూర్చునే గుండ్రటి అంచు ఉంది. గీత దానివైపే పోతోంది.

"అంచులోకి ఎల్తే మాత్రం చేసేదేం లేదండి," అన్నారాయన. "అక్కడ కుట్టు నిలవదు. పారెయ్యడమే."

రత్నకుమారి గారు కూడా సుద్ద గీత దాటి వచ్చి మా పక్కన వంగారు. తడి గీత అంచుకు వేలెడు దూరంలో ఆగింది. మరి కొంచెం సేపు చూశాము. ఆగింది ఆగినట్టే ఉంది.

"వేలెడు ఉంది నాన్నగారూ."

"చాలమ్మా. అక్కడ రంధ్రం వేస్తే ఇంక పాకదు."

ఆదివారం

ఆదివారం పని లేదు. దేవసహాయం గారి కుటుంబం చర్చికి వెళ్తుంది. మా వైపు ఆదివారం సంత. బేరాలు, గొడవలు అన్నీ ఆ రోజే. నేను ఆయన్ను చెయ్యి పట్టి నడిపించుకుంటూ చర్చి దాకా వెళ్ళి, వెనక చాప మీద కూర్చున్నాను. చెప్పులు బయట, మగవాళ్ళొక పక్క, ఆడవాళ్ళొక పక్క. ప్రార్థనలో ఎవరో 'దూరం నుంచి వచ్చిన ఇద్దరు అతిథుల పని' అని కూడా కలిపారు. అందరూ తిరిగి నన్ను చూశారు. బావ రాలేదు గనుక ఇద్దరి వంతూ నేనే చేతులు జోడించాను.

మధ్యాహ్నం మరియమ్మ గారు, దేవసహాయం గారి భార్య, రొయ్యల ఇగురు వడ్డించారు. కారం సరిపోకపోతే చెప్పండి అని ముందే అన్నారు. బావ సరిపోయిందన్నాడు. పొడి తీయలేదు.

తిన్నాక పందిరి కింద మేమిద్దరమే ఉన్నాము.

"ఆరేండ్లాయ," అన్నాడు బావ. "కొక్కెం బోల్టు యాడో పడిపాయ. చేతికి దొరికింది ఏసినా. పైపు తగిలించి బిగించినా. వాడు పక్కనే ఉన్నాడు. 'అన్నా, ఇది పొడుగుందేమో' అన్నాడు. 'నాకు చెప్పొచ్చినావా నువ్వు' అన్నా."

"ఆ సంగతి నీకు ముందే గుర్తుందా?"

"లేదప్పా. నిన్న ఆయప్ప అడిగినాక గుర్తొచ్చె." జేబులోంచి బోల్టు బయటికి తీశాడు. "వానికి గుర్తుంటాది గదా. కొట్టినప్పుడు గూడా చెప్పలే."

నేనూ ఆ రోజు టీ హోటలు ముందు గ్లాసు చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడ్డవాణ్ణి.

సోమవారం, మంగళవారం

కుట్టడం ఇలాగ. ముందు పగులు కొసన ఒక రంధ్రం. తర్వాత పగులు మీద ఒక రంధ్రం వేసి, లోపల మర చుట్లు కోసి, ఇనుప మరను, అంటే స్క్రూను, బిగించి, పైన మిగిలింది కోసేయాలి. దాని పక్క రంధ్రం, బిగించిన మరను కొంచెం కొరుక్కుంటూ వేయాలి. అలా ఒకదాన్నొకటి పట్టుకుని మొత్తం పగులంతా మరల వరస అవుతుంది. ఊడిన ముక్కకు మాత్రం వెనక నుంచి రేకు బిళ్ళ. వేడి తగలదు గనుక కొత్త పగులు రాదు.

దేవసహాయం గారి డ్రిల్లును బావ పట్టాడు. మరలు కోసి ఇచ్చే పని నాది. దేవసహాయం గారు కుర్చీలో కళ్ళు మూసుకుని వింటూ ఉండేవారు.

"ఆగండి. వంకరగా ఎల్తోందండి."

నిజంగానే వంకర పోతోంది.

"ఇప్పుడు తొందరపడుతున్నారు. మీ సంగతి కాదండి, డ్రిల్లు సంగతి చెప్తున్నాను."

బావ చేతులు మోటువి. మొదటి మూడు రంధ్రాలకు మూడు గంటలు పట్టింది. రెండు డ్రిల్లు ముక్కలు విరిగాయి. తర్వాత చెయ్యి తిరిగింది గాని మిగిలింది ఒక్క ముక్కే గనుక, మరలు కోసిపెట్టి, కొత్తవి తేవడానికి నేను అమలాపురం వెళ్ళొచ్చాను. నేను తిరిగొచ్చేసరికి బావ చొక్కా విప్పేసి, పక్కన ఎవరున్నదీ మరచిపోయి పనిలో ఉన్నాడు. కోపం లేకుండా ఆయన ఇంతసేపు ఒక పని చేయడం నేను చూసి ఎరగను. సాయంత్రానికి ముప్ఫై ఒక్క మరలు పడ్డాయి. హౌసింగుకున్న మిగతా రంధ్రాలన్నీ చెక్క బిరడాలతో మూసి, కుట్టు కారుతుందేమో చూద్దామని నిండా కిరసనాయిలు పోసి వదిలేశాము.

మంగళవారం పొద్దున చూస్తే వరస మధ్యలో ఒక్క చుక్క, ఆవగింజంత. బావ ముఖం నల్లబడింది.

"ఎన్నోదండీ?" అన్నారు దేవసహాయం గారు.

లెక్కపెట్టాను. "పదిహేడు."

"నిన్న మీరు ఊరెళ్ళినప్పుడు వేసిందండి. మర సగం కోసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నేనే చెప్పలేదు. తప్పు నాది. తీసేసి ఇంకాస్త లావుది వెయ్యండి."

బావ ఆయన వైపు చూశాడు. తప్పు నాదని అంత తేలిగ్గా ఎవరైనా అనడం బావ ఎప్పుడూ విన్నట్టు లేదు. పదిహేడోది తీసి లావుది వేశాడు. మధ్యాహ్నం దాకా చూశాము. చుక్క రాలేదు.

అప్పుడు దేవసహాయం గారు లేచి, గీత దాటి వచ్చి, కుట్టు మీద బొటనవేలు పెట్టి కిందినుంచి పైదాకా నడిపారు. వంగలేదు, మేము హౌసింగును బల్లమీదికి ఎత్తి పట్టుకున్నాము. రత్నకుమారి గారు గుమ్మంలోంచి చూసి ఊరుకున్నారు.

డబ్బు తీసుకోమంటే, "మీ పని మీరే చేసుకున్నారు కదండీ," అన్నారాయన. మరియమ్మ గారు ఒక బస్తా కొబ్బరికాయలు కూడా ఎక్కించారు. దానికి లారీవాడు మళ్ళీ బేరమాడాడు.

అనంతపురం, మా ఊరు

అనంతపురంలో లారీ ఆపించి బావ దిగాడు. రమ్మనలేదు, వద్దనలేదు. నేనూ దిగాను.

షెడ్డులో మద్దిలేటి చెక్క చిత్రిక పడుతున్నాడు. మమ్మల్ని చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"రేయ్. అది పగలగొట్టింది నేను," అన్నాడు బావ. "ఆ పొడుగు బోల్టు ఏసి."

"తెల్సు."

"మరి చెప్పలేదేమిరా?"

"ఒకసారి చెప్పినా గదన్నా. ఇన్యావా?"

బావ నిలబడే ఉన్నాడు. చిత్రిక చప్పుడు కాసేపు సాగి ఆగింది. మద్దిలేటి తలెత్తాడు. "నువ్వు కొట్టింది ఈడ కాదు. టీ హోటలు ముందర. చెప్పేదుంటే ఆడ చెప్పు."

బావ ఊరికి వచ్చేదాకా లారీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున టీ హోటలు దగ్గర మామూలు జనమే ఉన్నారు. బావ టీ చెప్పలేదు. బెంచీ మీద కూర్చోలేదు. "రెండు నెలల కిందట మా మద్దిలేటిని ఈడ కొట్టినా," అన్నాడు, అవసరమైనదానికన్నా గట్టిగా. "బండి పగిలింది వాని వల్ల కాదు. నేను ఏసిన తప్పుడు బోల్టు వల్ల. వాడు అప్పుడే చెప్పినాడు, నేను ఇనలే."

హోటలాయన గ్లాసు తుడుస్తూ, "ఇప్పుడెవరడిగినారప్పా నిన్ను?" అన్నాడు.

"వాడడిగినాడు," అన్నాడు బావ.

నేనూ ఆ రోజు చూస్తూ ఊరుకున్నానని చెప్పాలనుకున్నాను. చెప్పాను కూడా. కాని అప్పటికి ఎవరో వాన సంగతి ఎత్తారు, నా మాట ఎందరు విన్నారో తెలియదు.

ఆ మాట అనంతపురం దాకా ఎవరు మోశారో గాని, శుక్రవారం సాయంత్రం బస్సుకు మద్దిలేటి వచ్చాడు. ఇంట్లో సంచి పెట్టి, నీళ్ళు తాగి, నేరుగా బండి దగ్గరికి వెళ్ళాడు. కుట్టును ముందు కళ్ళతో, తర్వాత వేళ్ళతో చూశాడు. "ఎవరు చేసినారు?" అన్నాడు. "అల్లవరంలో ఒక పెద్దాయన చెప్పినాడు, నేను చేసినా," అన్నాడు బావ. మద్దిలేటి మళ్ళీ ఒకసారి చూశాడు.

శనివారమంతా హౌసింగు ఎక్కించడానికి పట్టింది. చివర కొక్కెం పట్టీ మిగిలింది. మద్దిలేటి ఒక్కో రంధ్రంలో చీపురుపుల్ల దించి లోతు చూసి, ఆ పుల్లను బోల్టు పక్కన ఆనించి, సరిపోయిందనుకున్నాకే బోల్టును అన్న చేతికిచ్చాడు. బావ పానా పట్టుకుని, నాలుగుసార్లూ, వాడు ఇచ్చేదాకా ఆగాడు.